నోటీసు బోర్డుకు ఒక ప్రతి

1990 నవంబరులో నేను జూనియర్ అసిస్టెంటుగా ఒక జిల్లా పోలీసు కార్యాలయంలో చేరాను. గ్రూప్ ఫోర్ పరీక్షలో ఎంపికైన వాళ్లను ఖాళీలున్న శాఖలకు పంచినప్పుడు నా వంతుకు పోలీసు శాఖ వచ్చింది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఒకటి అని మాత్రం చెబుతాను. ఏది అన్నది రాయను. నేను చెప్పబోయే ఊరి పేరు కూడా రాయను. మనుషుల పేర్లు మార్చాను. ఆ సంగతిలో ఉన్నవాళ్లు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు.

పోలీసు ఆఫీసులో ఉద్యోగం అంటే అందరూ ఖాకీ బట్టలే అనుకుంటారు. మందమర్రిలో మా కాలనీవాళ్లూ అలాగే అనుకున్నారు. మా బాపు బొగ్గు బాయిలో పని చేసేవాడు. నాకు ఆర్డరు వచ్చిన రోజు పక్కింటాయన వచ్చి, "నీ బిడ్డకు లాఠీ ఇస్తరా, పిస్తోలు ఇస్తరానే?" అని నవ్వాడు. బాపు తువాలతో మెడ తుడుచుకుంటూ, "పెన్ను ఇస్తరట. అదన్న ఇస్తరో, కొనుక్కోమంటరో" అన్నాడు. కొనుక్కోమన్నారు.

మమ్మల్ని మినిస్టీరియల్ సిబ్బంది అనేవాళ్లు. యూనిఫారం లేదు, సెల్యూట్ లేదు. కానిస్టేబుళ్ల సెలవులు, బదిలీలు, జీతాలు, జీపుల మరమ్మతులు మా పని. వరుస ఇలా ఉండేది. అందరికంటే కింద జూనియర్ అసిస్టెంటు, ఆ పైన సీనియర్ అసిస్టెంటు, సెక్షన్ సూపరింటెండెంటు, పరిపాలనాధికారి, అందరికీ పైన ఎస్పీ. కింద రాసిన కాయితం ఈ మెట్లన్నీ ఎక్కి, ఒక్కో మెట్టు మీద ఒక పొట్టి సంతకం వేయించుకొని, పైన పూర్తి సంతకమై, మళ్లీ కిందికి దిగి తపాలులో పోయేది. అందుకు మామూలుగా మూడు వారాలు పట్టేది.

నాకు మాట్లాడటం చేతనయ్యేది కాదు. ఫోను మోగితే పక్క సీటు వైపు చూసేదాన్ని. జిల్లా గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం సొరుగులో ఉండేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా వెనక తెరిచి చదివేదాన్ని. గదికి వెళ్లాక డైరీ రాసుకునేదాన్ని. ఇప్పుడు ఇదంతా ఆ డైరీలు ముందు పెట్టుకొనే రాస్తున్నాను. లేకపోతే ఇన్నేళ్లకు వరుస తప్పేది.

1992 దసరా తరువాత హైదరాబాదు నుంచి ఒక జీవో వచ్చింది. పోలీసులూ గ్రామస్తులూ కలిసి చేసుకునే పనులకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. ఊరికి ఏడుగురితో ఒక కమిటీ ఉండాలి. అందులో ఒక్క మహిళయినా ఉండాలి. స్థానిక స్టేషను అధికారి కమిటీకి కన్వీనరు. సామాను గ్రాంటులోంచి, పని ఊరివాళ్ల శ్రమదానంలోంచి. ఊరికీ పోలీసుకూ మధ్య నమ్మకం పెరగడం లక్ష్యమని మొదటి పేరాలోనే రాశారు.

ఆ ఫైలు నాకు అప్పగించారు. అందరూ వద్దనుకున్న ఫైలు అన్నిటికంటే చిన్న సీటుకు వస్తుంది. పైగా గ్రామాలకు పోయే ఉత్తర్వులు తెలుగులో ఉండాలి. తెలుగు టైపు పరీక్ష పాసైనదాన్ని సెక్షన్లో నేనొక్కదాన్నే.

ఎందుకు వద్దనుకున్నారో కొంచెం చెప్పాలి. ఆ సంవత్సరాల్లో మా వైపు పల్లెల్లో అడవిలోని దళాలు ఒక పక్క, పోలీసులు ఒక పక్క ఉండేవారు. ఒక పక్కవాళ్లు ఊళ్లో ఎవరింట్లో అన్నం తిన్నా రెండో పక్కవాళ్లు వచ్చి అడిగేవారు. పోలీసులతో కలిసి కమిటీలో ఉన్నాడంటే ఇన్ఫార్మరు అనే మాట రావడానికి ఎంతో సేపు పట్టేది కాదు. ఆ మాట వచ్చాక మనిషికి ఏమవుతుందో అందరికీ తెలుసు. జీవో రాసినవాళ్లకు తెలుసో లేదో నాకు తెలియదు.

ముందు వచ్చిన దరఖాస్తులు చాలామట్టుకు వాలీబాల్ కిట్లకు. బంతి, వల కొనడం తేలిక, ఎవరికీ కోపం రాదు. ఒక స్టేషను నుంచి ఏడు వేలిముద్రలతో ఒక దరఖాస్తు వచ్చింది. మా సూపరింటెండెంటు ఖాదర్ సాబు దాన్ని కిటికీ దగ్గర పట్టుకొని చూశాడు. ఆయనకు అప్పటికి ముప్పై ఏళ్ల సర్వీసు, రెండేళ్లలో రిటైరు కావాలి. "క్యా బేటా, గీ ఊర్లె ఏడుగురికి కలిపి ఒక్కటే బొటనవేలా?" అని ఫైలు తిప్పి పంపమన్నాడు. పదిహేను రోజులకు పునఃపరిశీలించి పంపుతున్నామన్న లెటరుతో మళ్లీ వచ్చింది. ఈసారి ముద్రలు వేరు వేరుగా ఉన్నాయి. ఖాదర్ సాబు మళ్లీ కిటికీ దగ్గరికి పోయి చూసి, "అదే మనిషి. ఈసారి పది వేళ్లల ఏడు వాడిండు" అన్నాడు. నవ్వకుండా అన్నాడు. ఆయనకు నవ్వే ఓపిక ఎప్పుడో పోయింది.

ఆ గుట్టలో నిజమైన దరఖాస్తు ఒక్కటే కనబడింది. ఒక వాగవతలి ఊరు. వానాకాలం నాలుగు నెలలు ఆ ఊరికి దారి ఉండదు. వాగు మీద తూములు వేసి కల్వర్టు కట్టాలని అడిగారు. ఎస్సై రిపోర్టు బాగుంది. తూముల కొలతలు కూడా రాశాడు. కమిటీ పేర్లు మాత్రం లేవు. పేర్లు తరువాత పంపుతామని రాశాడు. పేర్లు లేకుండా మంజూరుకు పెట్టే వీలు లేదని నేను రిమైండరు పంపాను.

జనవరిలో ఒకనాడు సెంట్రీ కానిస్టేబులు ఒక పల్లెటూరి ఆమెను నా టేబులు దగ్గరికి తెచ్చి వదిలాడు. ఆడమనిషి కనుక ఆడమనిషి దగ్గరికి తెచ్చానన్నాడు. యాభై ఏళ్లు ఉంటాయేమో. చంకలో గుడ్డసంచి. రెండు బస్సులు మారి వచ్చింది. స్టేషను జీపు అటే వస్తున్నా ఎక్కలేదట. పేరు లచ్చవ్వ. రిమైండరు సంగతి ఎస్సై చెప్పగా, పేర్లు తానే తెచ్చింది.

"ఊర్లె మొగోళ్లను అడిగిన బిడ్డా. కమిటీల పేరు అనంగనే అందరికి మోకాళ్ల నొప్పులు అచ్చినయ్" అంది. "మా ఇంటాయన మస్కట్ల ఉన్నడు. ఆయనుంటె ఆయనకు గూడ అచ్చేటియి. ఇగ నేనే ముందుగాల రాస్కొమ్మన్న. నన్ను సూసి ఆరుగురు సరే అన్నరు."

ఎందుకింత పట్టుదల అని నేను అడగలేదు. ఆమే చెప్పింది. పోయిన వానాకాలం ఆమె కూతురికి తొలి కాన్పు. నొప్పులు వస్తే బండి కట్టి వాగు దాకా తెచ్చారు. వాగు తగ్గలేదు. ఒడ్డునే కాన్పయింది. "పిల్ల దక్కలే. తల్లి ఎట్లనో దక్కింది. ఇప్పుడు మళ్ల కడుపుతోని ఉన్నది. శ్రావణంల నెలలు నిండుతయ్. మిరుగు లోపట గా తూములు పడాలె బిడ్డా. గంతే." మృగశిర కార్తెను మా వైపు మిరుగు అంటారు. అంటే జూన్ మొదటి వారంలోపు.

ఏడు పేర్లు చెప్పింది. నేను తండ్రి పేరు, భర్త పేరు, వృత్తి, ఇంటి నంబరు అన్నీ అడిగి రాసుకున్నాను. రాసుకోవడం అయ్యాక ఆమె తన వేలు కాయితం మీద పెట్టి, "గీ కాయితం మా ఊర్లెకు రావద్దు. పేర్లు మీ సర్కారుకు కావాలె, మీరు పెట్టుకోర్రి. ఊర్లె ఎవ్వలకు తెల్వద్దు. ఆ ఆరుగురికి గదే మాట ఇచ్చిన" అంది.

నేను ఖాదర్ సాబు వైపు చూశాను. మన ఫైలు మన బీరువాలో ఉంటుంది, ఆ మాట చెప్పమన్నాడు. "అవ్వా, గీ పేర్లు గీ ఆఫీసు దాటి పోవు" అన్నాను. ఆమె నా ముఖం చూసి సరేనంది. సంచిలోంచి నాలుగు మక్కకంకులు తీసి టేబులు మీద పెట్టింది. వద్దంటే వినలేదు.

ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "ఈ ఉద్యోగంలో మొదటిసారి ఒక మంచి ఫైలు దొరికింది."

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి.

గ్రూప్ ఫోర్ ఫలితాలు రాకముందు రెండేళ్లు నేను ఒక మండల పరిషత్ ఆఫీసులో తాత్కాలిక టైపిస్టుగా పని చేశాను. పని నేర్చుకున్నది అక్కడే. గొర్రెల యూనిట్లు, పక్కా ఇళ్లు మంజూరైనప్పుడు లబ్ధిదారుల జాబితాను పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరుతో సహా టైపు చేసి పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించడం అక్కడి పద్ధతి. ఊరంతా చదివితే ఒకరి గొర్రెలు ఇంకొకరి దొడ్లోకి పోవని అక్కడి మండలాధికారి చెప్పేవాడు. నిజంగానే మంచి పద్ధతి. ఆయన నాకు నేర్పిన మంజూరు ఉత్తర్వు నమూనా నా వేళ్లకు కంఠతా వచ్చు. పైన నంబరు, తేదీ. తరువాత విషయం, సూచిక. మధ్యలో ఉత్తర్వు, జాబితా. కింద ఎడమ వైపు, ప్రతులు ఎవరెవరికి పోవాలో.

ఫిబ్రవరిలో వాగవతలి ఊరికి మంజూరు ఉత్తర్వు ముసాయిదా నేను అదే నమూనాలో రాశాను. ఏడు పేర్లు ఇంటి నంబర్లతో సహా నిండుగా వచ్చాయి. ప్రతులు స్టేషను అధికారికి, సర్కిల్ ఇన్‌స్పెక్టరుకు, మండల ఇంజనీరుకు అని రాసి, నాలుగో వరుసలో "గ్రామ పంచాయతీ కార్యాలయానికి, నోటీసు బోర్డుపై ప్రదర్శించవలసిందిగా కోరుతూ" అని రాశాను. వేళ్లు రాశాయి అంటే తప్పించుకున్నట్టుంటుంది. నేనే రాశాను. లచ్చవ్వకు ఇచ్చిన మాట నేను మరిచిపోలేదు కూడా. ఆ మాట ఆమెకు ఇచ్చింది, ఈ వరుస ఉత్తర్వుకు సంబంధించింది. రెండూ ఒకే కాయితం గురించి అన్న ఆలోచన నాకు రాలేదు.

సీనియర్ అసిస్టెంటు పొట్టి సంతకం చేశాడు. ఖాదర్ సాబు "మంజూరు చేయడమైనది" అన్న చోట "మంజూరు చేయనైనది" అని దిద్ది సంతకం చేశాడు. పరిపాలనాధికారి ఒక కామా జరిపాడు. ఎస్పీ గారు ఆ రోజు సంతకం చేసిన ఫైళ్లలో అదొకటి. అందరూ పై నుంచి కిందికి చదువుతూ వచ్చి, ఉత్తర్వు దగ్గర ఆగారు. ప్రతుల వరుస దాకా ఎవరూ రాలేదు. నేను స్టెన్సిల్ కొట్టి, సైక్లోస్టైల్ తీయించి, తపాలులో వేయించాను.

మార్చి మొదటి గురువారం లచ్చవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి సెంట్రీ తీసుకురాలేదు, తానే నేరుగా వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. సంచిలోంచి మడతపెట్టిన కాయితం తీసి టేబులు మీద పరిచింది. వెనక మైదా బంకా, గోడ సున్నమూ అంటుకొని ఉన్నాయి. ఒక మూల చినిగింది. మా ఆఫీసు నంబరు, నా టైపు.

"గిది మీదేనా బిడ్డా?"

నేను తల ఊపాను.

"నేను సదువుకోలే. మా ఊర్లె పంచాయతి నోటీసులు బడి గోడకే అంటిస్తరు, గిది గూడ గాడనే అంటిచ్చిన్రు. పొలగాండ్లు అచ్చి, అవ్వా నీ పేరు పేపర్ల పడ్డదని చప్పట్లు కొట్టిన్రు" అంది. "మూడు రోజులున్నది గోడకు. తరువాత ఎవ్వలో అచ్చి సదువుకున్నరు."

ఆ చదివినవాళ్లు కబురు పంపారు. వచ్చే బుధవారం ఊళ్లో వారపు అంగడి. ఆలోపు కమిటీ లేదని ఊరందరి ముందు చెప్పాలి. ఊరికే చెబితే నమ్మరు. ఏ సర్కారు కాయితం కమిటీ ఉందన్నదో అదే సర్కారు కాయితం లేదనాలి. లేకపోతే మొదటి పేరు నుంచి మొదలుపెడతామన్నారట. మొదటి పేరు ఆమెది. కబురు అందిన రోజే ఏడుగురిలో ముగ్గురు ఊరు విడిచిపోయారు, అందులో ఒకడు మహారాష్ట్రలో భీవండి మగ్గాల పనికి.

"నువ్వు జెప్పినవ్ గదా, ఆఫీసు దాటి పోదని" అంది. గొంతు పెంచలేదు. నేను ఆమె వైపు చూడలేక కాయితం అడుగున నాలుగో వరుస చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజు నెలవారీ నేర సమీక్షకు జిల్లా ఎస్సైలందరూ ఆఫీసుకు వచ్చి ఉన్నారు. ఖాదర్ సాబు ఆ ఊరి ఎస్సైని పిలిపించాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్ర ఎస్సై. చెడ్డవాడు కాదు. కల్వర్టు కోసం నిజంగా తిరిగాడు. కాయితం చూసి తల పట్టుకున్నాడు. తరువాత, "ఏం భయపడకండమ్మా. మీ ఇంటి ముందు పికెట్ పెట్టిస్తాను. నలుగురు జవాన్లు రాత్రింబగళ్లు ఉంటారు. పని మాత్రం ఆపొద్దు. తూములు వచ్చేశాయి" అన్నాడు.

లచ్చవ్వ అతని వైపు తిరిగింది. "నాలుగు నెలలు కూసుంటరు సారూ, తరువాత?" అంది. "మీకు బదిలీ ఆర్డరు అస్తది. నాకు యాడికి బదిలీ? పోలీసులు నా ఇంటి ముంగట అన్నం వండుకుంటె, ఇగ ఊరోళ్లు నాకు బొట్టు పెట్టి పిలుస్తరా పెండ్లికి?"

ఎస్సై, మరైతే కల్వర్టు సంగతేమిటని అడిగాడు. అది అడగాల్సిన ప్రశ్నే, కానీ ఆ గదిలో ఎవరికీ వినాలని లేదు.

జవాబు ఆమే చెప్పింది. "రద్దు రాయిండ్రి. వాగు ఉంటే ఉండని. బిడ్డను నేనే ముందుగాల దాటిస్త."

రద్దు రాయడం ఆమె అనుకున్నంత తేలిక కాదు. మంజూరైన పనిని రద్దు చేయాలంటే ఎస్సై రిపోర్టు, సర్కిల్ ఇన్‌స్పెక్టరు సిఫారసు, సెక్షన్ నోటు, ఆపై మళ్లీ మెట్లన్నీ. మూడు వారాలు. మాకు ఆరు రోజులున్నాయి. అందులో ఒక ఆదివారం. పైగా మార్చి నెల. ఆర్థిక సంవత్సరం చివర మంజూరును వెనక్కి తీసుకుంటే ఆ గ్రాంటు తిరిగి రాదు, ఎందుకు తీసుకున్నారని పైనుంచి అడుగుతారు. కాబట్టి ఫైలు పట్టుకొని నేరుగా ఎస్పీ గారి గదికి పోవాలి, నోటులో కారణం రాయాలి.

కారణం దగ్గర ఖాదర్ సాబు నన్ను పక్కకు పిలిచాడు. "సూడు బేటా. పంచాయతీ సెక్రెటరీ తనంతట తానే అంటిచ్చిండు అని రాయి. ఆయన మన డిపార్టుమెంటు కాదు, ఆయనకేం కాదు. నీ సర్వీసు ఇంక మూడేండ్లు గూడ కాలే. ఎందుకు ఖరాబు చేసుకుంటవ్?" అన్నాడు. నా మీది ప్రేమతోనే అన్నాడు. ఆ ముసాయిదా మీద ఆయన సంతకం కూడా ఉంది, అది కూడా నిజం.

నేను సెక్రెటరీ పేరు రాయలేదు. గొప్ప కోసం కాదు. పోలీసు ఫైలులో ఇంకొక ఊరి మనిషి పేరు ఎక్కించడానికి ఆ రోజు నా చేయి రాలేదు. "ప్రతుల వరుసలో నాలుగవ అంశం ఈ సీటులో పొరపాటున చేర్చబడినది" అని రాశాను. ఖాదర్ సాబు చదివి, అద్దాలు తీసి తుడుచుకొని, కింద సంతకం చేశాడు. "సరే. నాది గూడ ఉన్నది గదా దాని మీద" అన్నాడు.

ఎస్పీ గారి గదిలోకి నేను అంతకు ముందు ఒక్కసారే వెళ్లాను, చేరిన రోజు. ఆయన నోటు చదివి, ఆ వరుస ఎవరు చేర్చారని అడిగారు. నేనే అన్నాను. ఎందుకన్నారు. మండలాఫీసులో అలవాటు అన్నాను. ఆ ఊరికి కల్వర్టు అవసరమా కాదా అని అడిగారు. అవసరమే అన్నాను. కమిటీ పేర్లు లేకుండా కట్టే దారి ఏదైనా జీవోలో ఉందా అని అడిగారు. జీవో నాకు అప్పటికి పూర్తిగా వచ్చు. లేదు సార్, ప్రతి పేజీలోనూ కమిటీ ఉంది అన్నాను. ఆయన సంతకం చేసి, రద్దు ఉత్తర్వు వెంటనే పంపమని నాకు చెప్పారు; నాకు మెమో ఇవ్వమని పరిపాలనాధికారికి చెప్పారు. రెండూ ఒకే గొంతుతో చెప్పారు.

రద్దు ఉత్తర్వు ఆ సాయంత్రమే టైపు చేశాను. అందులో ఒక్క పేరు లేదు. ఫలానా నంబరు ఉత్తర్వు రద్దు చేయబడినది, అందులో చెప్పిన కమిటీ ఇక ఉనికిలో లేదు, గ్రామంలో ఎట్టి పని చేపట్టబడదు. మూడు వాక్యాలు. దూరం నుంచి కూడా చదవగలిగేలా అక్షరాల మధ్య ఖాళీ వదిలి కొట్టాను. ప్రతుల వరుసలో ఈసారి పంచాయతీ నోటీసు బోర్డును మొదట పెట్టాను.

దాన్ని పంపడం ఇంకో చిక్కు. తపాలులో వేస్తే బుధవారానికి అందదు. కానిస్టేబులు తీసుకుపోతే ఊళ్లోకి మళ్లీ ఖాకీ వచ్చినట్టు. లచ్చవ్వ చేతికిస్తే ఆమె పోలీసు ఆఫీసుకు వచ్చినట్టు తేలిపోతుంది. చివరికి నేనే ఒకరోజు సెలవు పెట్టి, శనివారం బస్సులో ఆ ఊరి మండలాఫీసుకు పోయాను. నన్ను చూసి పోలీసు శాఖ అని ఎవరూ అనుకోరు. ఇన్‌వార్డు గుమస్తా నన్ను టీచరు అనుకున్నాడు. "ఏ బడి మేడమ్?" అన్నాడు. నేను జవాబు చెప్పకుండా కవరు ఇచ్చి, పంచాయతీల తపాలు ఎప్పుడు పోతుందని అడిగాను. సోమవారం అన్నాడు. సోమవారం తప్పకుండా పోవాలని రెండుసార్లు అన్నాను. "పోతది తియ్యి మేడమ్, గంత పరేషాన్ ఎందుకు?" అన్నాడు. నా జీవితంలో తెలియని మగమనిషితో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

బుధవారం ఏమైందో ఎస్సై తరువాత చెప్పాడు. కాయితం మంగళవారం గోడ ఎక్కింది. అంగడి రోజు లచ్చవ్వ బడి ముందు నిలబడి, తనకూ పోలీసులకూ ఏ సంబంధమూ లేదని, తెలివిలేక పేరిచ్చానని గట్టిగా చెప్పింది. కమిటీలో మిగిలిన ముగ్గురూ ఆమె తరువాత అదే మాట చెప్పారు. వచ్చినవాళ్లు విని వెళ్లిపోయారు. ఆమెను ఎవరూ తాకలేదు. తూములు స్టేషను వెనక గడ్డిలో పడి ఉండి, మరుసటి సంవత్సరం ఇంకో ఊరి పనికి పోయాయి.

మిరుగుకు ముందే ఆమె కూతురిని తీసుకొని చెన్నూరులో చెల్లెలింటికి పోయింది. రెండు నెలలు అక్కడే ఉంది. ఆ వానాకాలం ఆమె పొలం విత్తనం పడక పడావు పడింది. శ్రావణంలో చెన్నూరు సర్కారు దవాఖానలో కూతురు కన్నది, ఆడపిల్ల. ఇదీ ఎస్సై చెప్పిందే. తరువాత అతనికి బదిలీ అయింది. ఊరు విడిచిన ముగ్గురిలో ఇద్దరు వచ్చారు. భీవండి పోయినవాడు రాలేదు. నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం ఆ వైపు నుంచి ఎవరు వచ్చినా అడిగేదాన్ని. రాలేదనే చెప్పారు.

నాకు మెమో వచ్చింది. సంజాయిషీ ఎట్లా రాయాలో ఖాదర్ సాబు చెప్పాడు: ఒక్క వాక్యం చాలు, ఎక్కువ రాస్తే ఎక్కువ అడుగుతారు. ఒక్క వాక్యమే రాశాను. మందలింపు అని సర్వీసు రిజిస్టరులో ఎక్కింది. లచ్చవ్వ మళ్లీ మా ఆఫీసుకు రాలేదు. రావలసిన పనేమీ లేదు.

ఆ పథకం ఇంకో రెండేళ్లు నడిచి ఆగిపోయింది. వాలీబాల్ కిట్లు చాలా పంచాం. ఆ వాగు మీద తరువాత ఎన్నో ఏళ్లకు వేరే శాఖ వంతెన కట్టింది. దానికి కమిటీ అడగలేదు.

ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆ ఫైలు నాకు నేర్పినవి రెండు. ఒకటి పని పద్ధతి. ఆ తరువాత ఏ ముసాయిదా నా ముందుకు వచ్చినా కింది నుంచి పైకి చదివాను: మొదట ఎవరికి పోతుంది, తరువాత ఎవరి గురించి, ఆ తరువాత ఏముంది. నేను సూపరింటెండెంటు అయ్యాక నా కింది వాళ్లకూ అదే చెప్పాను. కొందరు విన్నారు.

రెండోది ఆ ఉత్తర్వును చాలాసార్లు తీసి చూశాక అర్థమైంది. అది భాగస్వామ్యం గురించిన ఉత్తర్వు. పోలీసుల వైపు అందులో ఒక్క పేరూ లేదు. స్టేషను అధికారి, సర్కిల్ ఇన్‌స్పెక్టరు, అన్నీ హోదాలే. మనిషి మారినా కాయితం అలాగే ఉంటుంది. ఊరి వైపు హోదా ఒక్కటీ లేదు; ఏడు పేర్లు, తండ్రుల పేర్లు, ఇంటి నంబర్లు. తప్పు నోటీసు బోర్డు దగ్గర మొదలైందని నేను చాలా కాలం అనుకున్నాను. అది ఉత్తర్వు నమూనాలోనే ఉంది. నేను దాన్ని గోడకు అంటించాను.